నెమరేసే కొండ

చీమలకు వాన వాసన తగిలింది. చినుకు పడేలోగా గుడ్లన్నిటినీ గట్టు మీది పుట్టకు చేర్చాలి. దారిలో అడ్డంకులేమిటో, ఏది మారే రకమో, ఏది మారని రకమో తేల్చిపెట్టమని తాబేలును పిలిచాయి. తాబేలు పెద్ద మేధావి. అంత నెమ్మదిగా నడుస్తోందంటే ఆలోచిస్తూనే అయ్యుంటుందని అందరి నమ్మకం.

తాబేలు దూరం నుంచే మెడ చాచి చూసింది. "వాన ఆగదు. చీమలు ఉన్నన్నే ఉంటాయి. దారికడ్డంగా నల్లకొండ ఉంది, అది కదలదు. పక్కనుంచి సొరంగం తవ్వండి" అంది.

మధ్యాహ్నం దాకా తవ్వి తవ్వి, నడుములు పడిపోయి, చీమలన్నీ బయటికొచ్చి కూలబడ్డాయి. అప్పుడు ఒక గండుచీమకు కొండ నెమరేస్తున్న చప్పుడు వినబడింది. దానికి ఒళ్లు మండింది. గబగబా పైకెక్కి చెవిలో అరిచింది.

"కాస్త జరుగు, మావా!"

"ఆ మాటేదో పొద్దున్నే అడగొచ్చు కదే!" అంటూ దున్నపోతు లేచింది. నాలుగడుగులు పక్కకేసి, సరిగ్గా సొరంగం మీద చతికిలబడింది.

చీమలు గుడ్లెత్తుకుని తెరుచుకున్న దారిన పరుగో పరుగు. పోతూ పోతూ గండుచీమ తాబేలును నిలదీసింది. "కొండ కదలదన్నావుగా?"

తాబేలు తల డిప్పలోకి లాక్కుంది.

"ఇది కదిలే కొండ" అంది లోపల్నుంచి. "అది వేరే రకం."