తొలగింపు ఉత్తర్వు

గౌరవనీయులైన చేనేత సంఘాధ్యక్షులు లక్ష్మీనర్సయ్య గారికి నమస్కారములు.

సంఘం కంప్యూటరులో కొత్త కంపెనీ ప్రోగ్రామును ఎక్కించిన నాడు నేను అక్కడే ఉన్నాను.

"సారూ, పాత వివరాలు చెరిగిపోతయని తెరమీద హెచ్చరిక వచ్చింది. జర ఆగుండ్రి, నకలు తీసినంక ఎక్కిద్దాం," అన్నది ఆపరేటరు ఎస్తేరు.

"మా బామ్మర్ది కంపెనీనే అనుమానిస్తవా? జరుగు!" అని మీరే మీట నొక్కారు.

సభ్యుల పేర్లన్నీ చెరిగిపోయాయి. నూలు పంపిణీ నిలిచి, మట్టెవాడలో మగ్గాలు ఆగాయి.

మీరేమో నేరం ఎస్తేరుదన్నారు. ఆమెను తొలగించే ఉత్తర్వును వ్యాకరణశుద్ధంగా రాసిమ్మని, తెలుగు పంతులునని నన్ను కోరారు.

దానికి బదులు ఇది రాశాను, అదీ పోస్టుకార్డు మీద. ఈపాటికి దారిలో నలుగురూ చదివే ఉంటారు. మిగిలిన సభ్యుల కోసం సర్వసభ్య సమావేశంలో మీరే బిగ్గరగా చదివి వినిపించవలసినదిగా ప్రార్థన.