గేటు దగ్గర మనిషి

"లోపలికి పోవద్దక్కా!"

ఉదయగిరిలో రామనారాయణ స్వామి ఇంటి గేటుకు అడ్డంగా ఒకతను నిలబడ్డాడు. మాట ముద్దగా ఉంది. పెదవి చివర చొంగ. చేతులు వణుకుతున్నాయి.

పొద్దున్నే తాగాడనుకుంది చెంచులక్ష్మి. కూతురు చిన్నిని పట్టుకుని పక్కనుంచి లోపలికి పోయింది.

చిన్ని పదో తరగతి. కొన్నాళ్లుగా పెన్ను పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. మాట తడబడుతోంది. గాలి సోకిందన్నారు ఊళ్లో.

స్వామి తాయెత్తు కట్టాడు. రాగి చెంబులో మంత్రించిన నీళ్లిచ్చాడు.

"రోజూ దీంట్లోనే తాపించమ్మా."

గేటు దాటగానే అతను చెంబు లాక్కుని కాలవలోకి విసిరేశాడు.

"రాగి... విషం! పాప కళ్లు... చూపించక్కా. నెల్లూరు పో."

స్వామి అరుగు మీంచి చూస్తుండగానే జనం మీదపడి కొట్టారు. అతను పడ్డాడు. లేచి మళ్లీ అడ్డం వచ్చాడు.

"కళ్లక్కా..."

"పోరా తాగుబోతోడా!"

బస్సు వాళ్ల ఊరు ఆత్మకూరు చేరింది. దిగబోతుంటే చిన్ని అంది.

"అమ్మా, ఆయన దగ్గర సారాయి వాసన రాలా. నా మాదిరే మాట్లాడినాడు."

చెంచులక్ష్మి దిగలేదు. నెల్లూరికి టికెట్ తీసుకుంది.

చిన్ని నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం చూశాడు కళ్ల డాక్టరు. వెంటనే పెద్దాసుపత్రికి పంపాడు.

"తిండిలోని రాగి ఈ పాప ఒంట్లోంచి బయటికి పోదమ్మా. లివర్లో, మెదడులో పేరుకుంటోంది. అమ్మానాన్నలు మీ ఇద్దరి నుంచీ పుట్టుకతో వచ్చింది. మీ తప్పేం లేదు. మాత్రలు జీవితాంతం మానకూడదు. ఇంకొంచెం ఆలస్యమైతే చేయి దాటిపోయేది," అన్నారక్కడ.

ఎండాకాలానికి చిన్ని తన జడ తానే వేసుకుంది.

అతని కోసం కొత్త చొక్కా కొని, తల్లీకూతుళ్లు ఉదయగిరి పోయారు. గేటు దగ్గర ఎవరూ లేరు. నిమ్మకాయలమ్మే ఓబమ్మకు సంగతి చెప్పి, ఆ మనిషి ఏడని అడిగింది చెంచులక్ష్మి.

"చనిపోయినాడమ్మే. నీ బిడ్డ రోగమే. మొదట్లో తాయెత్తులని కాలం గడిపినారు. మాత్రలు మొదలుపెట్టేలోపే లివరు పాడైపోయుండాది."

చెంచులక్ష్మి వరసలో వాళ్లందర్నీ దాటుకుని నేరుగా స్వామి ముందుకు పోయి నిలబడింది.

"సామీ, ఇట్టా చేతులు వణికే బిడ్డలొస్తే ఇంక తాయెత్తు కట్టొద్దు. ఆస్పత్రికి పంపించండి. మీరు పంపిస్తామనేదాకా నేనీడ్నించి కదలను. గేటు కాడ ఆ మనిషి చెప్తానే ఉండె. మీ కళ్ల ముందే కొడతా ఉంటే ఒక్క మాట అనకపోతిరి. ఎవురు కన్న బిడ్డో పాపం!"

స్వామి చేతిలోని తాయెత్తు కింద పెట్టాడు.

"పంపిస్తానమ్మా," అన్నాడు. "వాడు నా కొడుకే."