ఎర్ర జెండా వంతు

తోకుజి గుమ్మంలో మెట్టు మీద కూర్చుని, కొడుకు బూటు మడమని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. చెంచాల కార్ఖానాలో నలభై ఏళ్లు మెరుగు పెట్టిన చెయ్యి. రుద్దడం దానికి కొత్త కాదు.

"చాల్లెండి, అరిగిపోతాయి," అంది వంటగదిలోంచి ఫుమియే. "రోజూ ఆ బూట్లతో ఏం పనో!"

"మట్టి పట్టింది."

"గుమ్మం దాటని బూట్లకి మట్టెక్కడిదండీ?"

తోకుజి గరుకు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బూట్ల ముక్కులు వీధివైపు తిప్పి, తన బూట్ల పక్కన పెట్టాడు. గుమ్మంలో బూట్లుంటే మనిషి ఇంట్లో ఉన్నట్టే.

రియోహే మేడ మీద గది తలుపేసుకున్నది మూడేళ్ల కింద. ఉద్యోగం పోయిందనీ, ఎవరితోనూ మాట్లాడలేననీ, తలుపు మాత్రం తట్టొద్దనీ ఒక చీటీ రాసి పెట్టాడు. వాళ్లు తట్టలేదు. ఫుమియేకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. అన్నం పళ్లెం తోకుజి తీసుకెళ్తాడు. ఖాళీ పళ్లెం తోకుజే తెస్తాడు.

తల్లీకొడుకుల మధ్య మిగిలింది ఒక్క ఆట. ముందుగదిలోని పాత కంప్యూటర్లో కోటలూ సైన్యాలూ ఉండే పాతకాలపు ఆట. ఒకరి తర్వాత ఒకరు వంతులేసుకుని ఆడాలి. ఆమెది ఊదా జెండా, రియోహేది ఎర్ర జెండా. ఫుమియే పొద్దున తన వంతు ఆడేస్తుంది. రాత్రి అందరూ పడుకున్నాక రియోహే దిగొచ్చి ఆడతాడు. మర్నాడు లేచి చూసేసరికి ఎర్ర జెండా కదిలి ఉంటుంది. రోజుకొక ఎత్తు. పలకరింపూ అదే, జవాబూ అదే.

సెప్టెంబరు చివర్లో రెండ్రోజులు ఎర్ర జెండా కదల్లేదు. ఆ రెండ్రోజులూ ఫుమియే అన్నం ముట్టలేదు. మూడోరోజు ఒక్క గడి కదిలింది. ఆమె ఏడుస్తూనే గిన్నెలో అన్నం పెట్టుకుంది.

ఆ వారమే తోకుజి ఆ ఆట నేర్చుకోడానికి స్టేషను దగ్గరున్న పాత ఆటల దుకాణానికి వెళ్లాడు. దుకాణం నడిపే హిసాయోకి యాభై దాటాయి. నోరు పెద్దది.

"ఈ వయసులో యుద్ధాలేంటి పెద్దాయనా?"

"ఇంట్లో ఆడుతుంటారు. నాకే రాదు."

మొదట్లో ఘోరం. సైన్యాన్ని మంచు కనుమలోకి పంపి ఆకలికి చంపేశాడు.

"మంచు పడితే మీరు పక్క వీధికి పాలకి కూడా వెళ్లరు! మూడువేల మందిని బియ్యం లేకుండా కొండెక్కిస్తారా?" హిసాయో పడీపడీ నవ్వింది.

మర్నాడు ఒక నోటు పుస్తకం తెచ్చాడు. ఎర్ర జెండా ఎత్తులన్నీ ఫుమియే రోజూ అందులో రాసుకునేది.

"గెలవడం నాకక్కర్లేదమ్మా. వీడెలా ఆడతాడో అది నేర్పు. ఎక్కడ ఏం చేస్తాడో."

"ఓహో, శత్రువుని చదువుతున్నారన్నమాట!" ఆమె పేజీలు తిప్పింది. "దుడుకు మనిషి. గుర్రాల్ని ముందుకి తోలేస్తాడు, వెనక బియ్యం ఉందో లేదో చూసుకోడు. కానీ ఇదిగో, ఇది చూడండి. ఊదా జెండా బియ్యం బళ్లు ఎదురైనప్పుడల్లా దారి వదిలేశాడు. ఒక్కసారి కూడా దోచుకోలేదు."

తోకుజి ఆ పేజీ తన వైపు తిప్పుకున్నాడు.

"నాకు తెలీదు," అన్నాడు.

నవంబరుకి గుర్రాలు తోలడం వచ్చింది. కోట ముట్టడి కూడా వచ్చింది.

"యుద్ధాలు చేసినవాళ్లు చిక్కిపోతారు. మీకేంటి ఇలా పొట్టొస్తోంది?" అంది హిసాయో. "ఇద్దరి తిండి తింటున్నారా?"

తోకుజి కోటు ముందుకి లాక్కున్నాడు.

డిసెంబరులో ఒక పొద్దున ఫుమియే ముందుగదిలోంచి కేకేసింది. "ఏమండీ! వాడు నా కోట దాకా వచ్చి ఆగిపోయాడు. చలికాలమని ముట్టడి వెయ్యలేదు. ఇదివరకు ఇలా ఆగేవాడే కాదు!"

తోకుజి టీ కింద పెట్టాడు. "పెద్దవాడవుతున్నాడేమోలే."

"కాదు, మెత్తబడుతున్నాడు. నాకు తెలుస్తోంది." ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. "అందుకే ఇవాళ నా వంతులో వాడికి పిలుపు పంపాను. నా కోటకి వచ్చి టీ తాగమని. ఆటలో అలా పిలవచ్చు. వస్తానన్నాడంటే మెట్లు దిగి వస్తాడండీ, చూస్తూ ఉండండి. మిసో సోయా ముద్దలో సాల్మన్ చేప ముక్కలు ఊరేశాను."

మూడేళ్లుగా బల్ల మీదికి రాని కొడుకు అన్నం గిన్నె తీసి, కడిగి, తుడిచి, తన గిన్నె పక్కన బోర్లించింది.

తోకుజి మంచులో దుకాణానికి నడిచాడు.

"పిలుపు కాదంటే ఏమవుతుంది?"

"మనసు విరుగుతుంది. ఇక పొత్తుండదు."

"ఔనంటే?"

"వెళ్లి తీరాలి."

"ఏదీ అనకపోతే?"

"ఆట అక్కడే ఆగిపోతుంది పెద్దాయనా. ఇంకెవరి వంతూ రాదు."

మర్నాడు ఫుమియే లేవకముందే తోకుజి కంప్యూటరు ముందు కూర్చుని కళ్లజోడు పెట్టుకున్నాడు. తెర మీద ఊదా జెండా పిలుపు. దాని కింద రెండే మాటలు. వస్తాను. రాను.

మూడు నెలల కింద, వాన పడుతున్న ఒక తెల్లవారుజామున, రియోహే తనకున్న ఒకే ఒక్క జత బూట్లు తొడుక్కుని, మెట్టు మీద నిలబడ్డ తండ్రి వైపు ఒకసారి చూసి, ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. గుమ్మంలో ఉన్నవి ఆ తర్వాత తోకుజి అచ్చం అలాంటివే కొని, వాడినట్టు కనపడాలని అరగదీస్తున్న కొత్త జత.