రెండువందల పద్నాలుగో కార్డు

"పేరు రాసే గడే తీసేసినావు! ఇదేం కార్డప్పా?" ప్రెస్సు యూనుస్ ప్రూఫు కాగితం పైకెత్తి చూపించాడు.

"పేరు వద్దన్నా, నంబరు సాలు. ఆ జాగాలో 'ఇంట్లో ఎవరికి తెలుసు' అని ఒక గడి పెట్టు. కింద 'ప్రత్యేక సూచన' అని ఇంగొకటి," అన్నాడు ఉచ్చీరప్ప.

కూరగాయల సంచితో గడప దగ్గర నిలబడ్డ నాగమ్మ మొగుడి వైపు వింతగా చూసింది. ఉచ్చీరప్ప ఎమ్మిగనూరు కుష్ఠు ఆస్పత్రిలో కేసు కార్డులు రాసే గుమాస్తా. రోజూ ఆదోని నుంచి బస్సులో పోయి వస్తాడు. ఎనిమిదేళ్ళుగా పై ఆఫీసు పంపిన కార్డులే నోరెత్తకుండా నింపాడు. అట్లాంటి మనిషి రెండు నెలలుగా స్కేలు పట్టుకుని గడులు గీయడం, చెరపడం. డాక్టరును కూడా ఒప్పించేశాడు.

"ఇప్పుడు ఇంత అగత్యం ఏమొచ్చె?" దారిలో అడిగింది.

"కౌతాళం ఊరోడొకడు ఆస్పత్రి బల్ల మీది కార్డులో వాళ్ళ వదిన పేరు సదివినాడు. ఊరంతా టాంటాం ఏసినాడు. ఆయమ్మను ఇంట్లోంచి ఎల్లగొట్టిరి."

"అయ్యో పాపం," అంది నాగమ్మ. ఆ పాపం పది రోజులు నిలిచింది. పదకొండో రోజు ఆమె మొగుడి చొక్కా ఉతకబోతే జేబులో కొత్త కార్డు దొరికింది.

అసూయకు కళ్ళు లేవంటారు. నాగమ్మ అసూయకు ఐదో తరగతి చదువు కూడా ఉంది. కూడబలుక్కుని చదివింది. నంబరు 214. స్త్రీ. వయసు 34. ఆదోని. ఇంట్లో ఎవరికి తెలుసు: 'భర్తకు మాత్రమే.' ప్రత్యేక సూచన: 'ఈమె మనసు కష్టపెట్టరాదు.'

చొక్కా బండ మీదనే వదిలేసింది. పద్నాలుగేళ్ళ కాపురం. పిల్లా జెల్లా లేని ఇల్లు, ఉండేది ఇద్దరు. నాగమ్మ మనసు కష్టపెట్టరాదని ఈ మనిషి ఒక్కనాడన్నా ఎక్కడన్నా రాశాడా? అదీ ముప్పై నాలుగేళ్ళ ముసలిదాని కోసం! తనకు ముప్పయ్యే. నాలుగైదేళ్ళుగా ముప్పయ్యే.

వీధి మొదట్లో ఉండే హుసేనమ్మకు చెప్పుకుని ఏడ్చింది.

"ఈ మధ్య నిన్ను బాగ సూసుకుంటాండాడా?" అడిగింది హుసేనమ్మ.

"అదే కదక్కా! పొద్దున్నే టీ ఆయనే కాస్తాడు, బలానికని మాత్ర గూడ ఇస్తాడు. పెనం కాడికి నన్ను రానీడు, రొట్టెలు ఆయనే కాలుస్తాడు."

"అయితే నిజమేనమ్మా. తప్పు సేసిన మొగుడే పెండ్లానికి టీ కాసేది."

మరునాడు ఉచ్చీరప్ప వెళ్ళిన గంటకు నాగమ్మ కూడా ఎమ్మిగనూరు బస్సెక్కింది. ఆస్పత్రి వసారాలో ఆయా లాలాబీ పక్కన చేరి, తానెవరో చెప్పకుండా కూపీ లాగింది.

"రెండునూర్ల పద్నాలుగు నంబరామె ఎప్పుడొస్తాది?"

"ఆయమ్మ ఈడికి రాదు తల్లీ. ఉచ్చీరప్ప సారే మందు తీస్కపోయి ఇస్తాడు. ఆయమ్మ కార్డును బీరువాలో గూడ పెట్టనీడు. ఒకనాడు ఆ కార్డు ముందరేసుకొని ఏడ్సినాడు పాపం."

"ఏడ్సినాడా?"

"సిన్నపిల్లోని మాదిరి!"

నాగమ్మకు ఒళ్ళు భగ్గుమంది. మామ చచ్చిపోయిన రోజు కూడా ఈ మనిషి కంట్లో చుక్క రాలేదు. రయ్యిన లోపలికి పోయి, కొంగున కట్టి తెచ్చిన కార్డు బల్ల మీద కొట్టింది.

"ఎవతిది?"

ఉచ్చీరప్ప గబుక్కున కార్డు తిరగేశాడు. "నాగమ్మా, నిదానం. ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

"మనింటికి గాదు, దానింటికి పోదాం. ఇప్పుడే. లేదంటే ఈడ్నే అరుస్తా, నీ నంబర్లన్నీ బయట పెడతా!"

"సూస్తే తట్టుకుంటావా?"

"నేనెందుకు తట్టుకోల్ల? తట్టుకోవాల్సింది దాని కొప్పు!"

ఉచ్చీరప్ప కార్డు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లోపలికి పోయి డాక్టరుకు చెప్పి వచ్చాడు. "పద. ఆమె ఇంటికే తీస్కపోతా. ఒట్టు."

బస్సులో కిటికీ పక్కన చోటిచ్చాడు. పక్కకు జరిగి కూర్చుంది. ఇంకోదానికి మందు మోసే చేయి తనకు తగలడం ఆమెకు ఇష్టం లేదు. ఏడుపు వచ్చింది గానీ, ఆ ముండ ముందు కళ్ళు ఎర్రగా ఉండకూడదని మింగేసింది.

ఆదోనిలో దిగాక ఉచ్చీరప్ప తమ పేట వైపే తిరిగాడు.

"మన పేటలోనే పెట్టినావా దాన్ని! రోజూ నా మొగం సూస్తా నవ్వుకుంటాంటాదేమో!"

"నవ్వలేదు నాగమ్మా. ఆమెకు ఏమీ తెల్దు."

"ఎనకేసుకొస్తాండావా?"

వీధి మొదట్లో హుసేనమ్మ వాకిలి వచ్చేసరికి నాగమ్మ టక్కున ఆగిపోయింది. ఇదా? అందుకేనా టీ సంగతి అంత బాగా తెలుసు? ఉచ్చీరప్ప ఆ వైపు తల కూడా తిప్పలేదు.

"ఇంగ ఎంత దూరం?"

"వచ్చేసినాం."

ఆయన నడక మెల్లగైంది. నాగమ్మ కొంగు నడుముకు బిగించింది. తలుపు తీయగానే ఏం తిట్టాలో మనసులో కూడగట్టుకుంది.

ఉచ్చీరప్ప తమ ఇంటి ముందే ఆగాడు.