వాడి చెయ్యి

శ్రీపతి ఒక్క అంగలో వచ్చి, కొడుకు చేతిలోంచి పెన్సిల్ లాక్కుని రెండు ముక్కలు చేశాడు.

ఆరేళ్ల ఆకాష్ ఏడవలేదు. ఎడమ చేతిని గబుక్కున తొడల మధ్య దాచుకుని, తల వంచి, దెబ్బ కోసం వీపు సిద్ధంగా పెట్టాడు. ఎంత అలవాటైతే అంత చప్పున పెడతాడు! అది చూస్తూనే పిల్లల సైకాలజిస్టు కృపాజ్యోతి కుర్చీలోంచి లేచి వాడి పక్కకు వచ్చింది.

నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో, మెట్లెక్కి వెళ్తే ఆమె గది. అబిడ్స్‌లో బట్టల దుకాణం మూసి మరీ ఇంటిల్లిపాదీ వచ్చారు. పిల్లవాడు బడిలో ఒక్క అక్షరం రాయడం లేదు, మాట తడబడుతోంది, పరీక్ష చేయించి తీసుకొస్తేనే ఒకటో తరగతిలో ఉంచుకుంటామని టీచర్లు తేల్చి చెప్పేశారు.

కృపాజ్యోతి ఆ చేతిని మెల్లగా పైకి తీయించింది. వేళ్ల కణుపులు నల్లగా వాచి ఉన్నాయి. చిటికెన వేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. ఇదేమిటని తల్లి హాసినిని అడిగింది.

జవాబు నానమ్మ సౌభాగ్య చెప్పింది, వంటకం చెప్పినంత తాపీగా. రాసేటప్పుడు ఎడమ చెయ్యి తువ్వాలుతో కుర్చీకి కట్టేస్తారట. విప్పుకుంటే స్టీలు స్కేలట. అన్నం దగ్గర ఆ చెయ్యి లేస్తే వేళ్లకు పచ్చిమిరపకాయ నూరి పూస్తారట. అంతా పిల్లవాడి మంచికేనట.

"ఎడమచేతి వాటం రోగం కాదమ్మా" అంది కృపాజ్యోతి, గొంతు పెరగకుండా ఆపుకుంటూ. "చదువులో ఇబ్బంది ఉందో లేదో తర్వాత చూద్దాం. ఇంత భయపడే బాబుకి నేను ఏ పరీక్షా చెయ్యలేను. ముందు బాబు చెయ్యి బాబుకి వదిలెయ్యండి. ఇంట్లో ఇంకెవరికైనా ఈ వాటం ఉందా?"

"మా ఖాందాన్‌ల గిట్లాంటోళ్లు పుట్టలే" అంది సౌభాగ్య. "ఎడమ చేత్తోని బట్ట అందిస్తే గిరాకి మల్ల దుకాణమెక్కుతడా?"

"నా కొడుకు మేడమ్. వాని చెయ్యి నాది" అన్నాడు శ్రీపతి.

అప్పుడు హాసిని లేచింది. ఆ ఇంట్లో ఏనాడూ నోరెత్తని మనిషి. బల్ల మీంచి ఇంకో పెన్సిల్ తీసి కొడుకు ఎడమ చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"రాయి బిడ్డా. నేనున్న."

ఆకాష్ తండ్రి వంక చూశాడు. తల్లి వంక చూశాడు. కాగితం మీదికి వంగి రాశాడు. అక్షరాలు వంకరటింకరగా ఉన్నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. తన పేరు మొత్తం రాసేశాడు. హాసినికి దుఃఖం ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ మొద్దు, మొద్దు అని పిల్లవాణ్ని చావగొట్టింది ఇందుకా?

శ్రీపతి కుర్చీని తన్నాడు. అది వెళ్లి బొమ్మల అద్దాల బీరువాకు తగిలి, గాజు భళ్లున రాలింది. హాసిని జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లి రక్తం కళ్లలోకి కారుతున్నా ఆమె కొడుకు చెయ్యి వదల్లేదు. అడ్డం వచ్చిన కృపాజ్యోతిని గాజుపెంకుల మీదికి తోసేశాడు. ఇక అతనికి ఒళ్లు తెలియలేదు. పళ్లు కొరుకుతూ, బలమంతా కూడదీసుకుని పిల్లవాడి మీద చెయ్యెత్తాడు.

సౌభాగ్య దిగ్గున లేచింది. ఇప్పటికైనా ముసలామె అడ్డుపడుతుందని కృపాజ్యోతికి ఆశ కలిగింది. సౌభాగ్య పరుగున వెళ్లి, పైకి లేచిన కొడుకు చేతిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"గీ చెయ్యి దించురా. కుడి చేత్తోని కొట్టు."