సాయిబు ఊపిరి

మైపాడులో పంచాయతీ ఎన్నికలకు నిలబడిన మీరా మొహిద్దీన్ సాయిబుకు వారం రోజులుగా స్పృహ లేదు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా గొంతు గరగరలాడేది. డాక్టరు పద్మనాభయ్య సూదిమందులతో గుండెను నడిపిస్తున్నాడు.

"పోలింగు దాకా నిలబెట్టండి డాక్టరు గారూ. ఈయన పోతే ఎన్నిక వాయిదా పడిపోతుంది," అన్నాడు పార్టీ మనిషి జయరామయ్య.

సాయిబు భార్య నూర్‌బీ మంచానికి అడ్డం నిలబడింది. "ఆయుస్సు అల్లా ఇచ్చేది, మీ పార్టీ ఇచ్చేది కాదు. చానా అవస్థ పడినాడు. ఇంక సూది వద్దు సార్, పోనీండి."

పద్మనాభయ్య సూదిని పెట్టెలో పెట్టేశాడు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకు సాయిబు ప్రాణం పోయింది.

చీకట్లో డాక్టరు సైకిలు నడిపించుకుంటూ సముద్రం పక్క దారిన ఇంటికి బయలుదేరాడు. చేసింది ధర్మమో హత్యో అతనికి తేలలేదు. సరుగుడు తోపు దాటుతుండగా పక్కనే ఎవరో ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినిపించింది. అతను ఆగినా అది ఆగలేదు. టార్చి వేస్తే ఇసుక మీద తన అడుగులు, సైకిలు జాడ తప్ప ఏమీ లేవు.

అది వారం రోజులుగా తాను విన్న ఊపిరే. కాని ఇప్పుడు గరగర లేదు. పసిబిడ్డ నిద్రపోతున్నంత హాయిగా ఉంది.

"బాధ తగ్గిందా సాయిబూ?" అని మెల్లగా అడిగాడు. ఊపిరి ఇంటిదాకా తోడొచ్చింది.

తలుపు తీసిన భార్య ఇందిరమ్మ లాంతరు ఎత్తి అతని వెనక్కి చూసింది.

"ఎవరండీ ఆయన? మీకు సలాం చేస్తా ఉండాడు. లోపలికి రమ్మనండి."

పద్మనాభయ్య వెనక్కి తిరగలేదు. కళ్లు తుడుచుకుని, గుమ్మంలో ఇంకొకరికి దారి వదులుతూ పక్కకు జరిగాడు.