గోపాలపట్నంలో రాక్ ఒపెరా

అప్పలసూరి స్పీకరు వైరు ప్లగ్గులోంచి పీకేశాడు.

నేల మీద కూర్చుని, స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఉన్న కుసుమకుమారి ఉలిక్కిపడి చూసింది. మొదటి షిఫ్టు దిగి వచ్చిన భర్త, చేతిలో టిఫిన్ క్యారియరుతో ఎదురుగా నిలబడి ఉన్నాడు.

“ఏటిది కుసుమా? ఈది మలుపు కాడికి ఇనబడతంది ఈ గోల!”

“గోల కాదు బావా. రాక్ ఒపెరా.”

“ఏ పేరైతే ఏటి! నలబై ఆరేళ్లొచ్చాయి, సిన్నపిల్లవా?”

వాళ్లమ్మాయి దేవిశ్రీ కంప్యూటర్లో ఆడే వీడియో గేమ్ కథే అది. సముద్రంలో పన్నెండు దీవులు, దీవికో దీపస్తంభం. ఒక్కొక్క దీపమే ఆరిపోతూ ఉంటుంది. కాపలా ఉన్న ముసలామె ఆఖరిదాన్నయినా నిలబెట్టుకోవాలి. ఆ ఆట మీద మనసుపడ్డ కొందరు కుర్రాళ్లు గిటార్లూ డ్రమ్ములూ పెట్టి, మొదటి నుంచి చివరిదాకా పాటల్లోనే నడిచే నాటకం కట్టారు. దేవిశ్రీ ఒకసారి వినిపించి, మోజు తీరి, హాస్టల్‌కి వెళ్లిపోయింది. మోజు తల్లికి పట్టుకుంది. పొద్దున్నే రేడియోలో భక్తిపాటలు పెట్టుకుని ఇడ్లీలు వేసే మనిషి, ఇప్పుడు రోజుకి మూడుసార్లు ఇల్లదిరేలా ఇదే పెడుతోంది. ఆ ముసలామె పాటొస్తే పొయ్యి మీద పాలు పొంగినా లేవదు.

మెట్లెక్కి ఓనరు ఆదిలక్ష్మమ్మ గుమ్మంలోకి వచ్చింది.

“ఏటి సూరీ, మీయావిడికి ఏటైనా పూనిందేటి? బీరువాలో నా గాజుగ్లాసులు గడగడలాడిపోతన్నాయి. కిందనించి నాలుగుసార్లు కేకేసినాను. పలకదు! ఓనరంటే లెక్కనేదా?”

“తప్పయిపోయింది పిన్నీ, తగ్గిస్తాను,” అని కుసుమ నవ్వింది. ఆదిలక్ష్మమ్మ గొణుక్కుంటూ దిగిపోయింది.

“ఆవిడకి బేగి జవాబిచ్చావు. మరి నాకో?” అప్పలసూరి క్యారియరు బల్ల మీద పెట్టాడు. రోలింగ్ మిల్లు హోరులో పాతికేళ్లుగా పనిచేస్తున్నవాడు. అక్కడ ఒకరి మాట ఒకరికి వినబడదు. నోరు పెద్దగా తెరిచి, చేతులు ఊపి చెప్పుకోవాలి. ఇంట్లోనూ అతనిది అదే మాటతీరు. “ఉగాది ఎల్లిన కాణ్ణించీ సూత్తన్నాను. బాత్రూంలోంచి తువ్వాలడిగితే తేవు. లైటార్పీసి మాటాడితే ఊఁ అనవు. ఆ జులపాలోడు పాడితే మాత్రం కళ్లు మూసుకుని మరీ ఇంటావు.”

“అది గుండెల్లో కొడతాది బావా.”

“మరి నా మాటో? అదెక్కడా తగల్దా?”

కుసుమ గడియారం వంక చూసి లేచింది.

“ఆరింటికే ఆ ఒపెరా షో. నాలుగున్నరకి బస్సెక్కితే గాని ద్వారకా నగర్ చేరలేం. నువ్వు నీళ్లోసుకునిరా, కాఫీ పెడతాను. ఈ ఒక్కసారీ నా మాట కాదనకు బావా. మరేదీ అడగను.”

మంచం మీద ఆమె నేత చీర ఇస్త్రీ చేసి సిద్ధంగా ఉంది. అది చూసి అప్పలసూరి మొహం తిప్పుకున్నాడు. కిటికీ ఊచలు పట్టుకుని వీధిలోకి చూస్తూ చెప్పాడు.

“టిక్కెట్లు నేవు. పొద్దున్న మా మిల్లు సింహాద్రికి ఇచ్చీసినాను. పెళ్లాంతో ఎల్తానన్నాడు.”

“నీ నీలం చొక్కా తీసి పెట్టాను. అదే తొడుక్కో,” అంది కుసుమ, చీర మడత విప్పుతూ.

అతను గిర్రున వెనక్కి తిరిగాడు. “ఎటకారమా? సెప్తంటే నీక్కాదా? టిక్కెట్లు నేవు! సింహాద్రికి ఇచ్చీసినాను!”

ఆమె చేతిలోంచి చీర జారింది.

“ఎందుకిచ్చావు?”

“ఆ పాటొచ్చి కూకున్న కాణ్ణించీ ఈ ఇంట్లో నానున్నట్టే నేదు గనక!”

“మళ్లీ అడుగు. ఆళ్లిల్లు మర్రిపాలెమే గదా.”

“ఈపాటికి ఎల్లిపోయుంటారు.”

“పోనీ, హాలు బయట నిలబడదాం బావా. గోడకి ఆనుకుని. డ్రమ్ముల మోత గోడకి తెలుస్తాది. అది చాలు నాకు.”

“బయట నిలబడ్డానికి మనకేటి కర్మ?”

కుసుమ మంచం పట్టె మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఏ చీరకీ, ఏ నగకీ ఆమె అలా ఏడవలేదు. అప్పలసూరి కోపమంతా కారిపోయింది. ఆమె ముందు గొంతుక్కూర్చుని చేతులు విడదీశాడు. గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు.

“ఓలమ్మ, పాటకింత ఏడుపేటే? నాదే తప్పు. ఏటా ఆడతారంట గదా. వచ్చే ఏడు ముందు వరసలో కూకోబెడతాను. నామీదొట్టు.”

“వచ్చే ఏటికి ఆ డ్రమ్ములూ ఇనబడవన్నాడు డాక్టరు,” అంది కుసుమ, “నీ గొంతు నాకినబడి అప్పుడే నాలుగు నెల్లయింది బావా, నీ పెదాలు సూసే మాటాడతన్నాను.”